గనికి వెరవనివాడు గగనమునకు వెరచుట

గోదావరి దక్షిణ తీరమున, రామగుండమునకు ప్రక్కనే, గోదావరిఖని యను పట్టణము కలదు. నదియు గనియు రెండును ఆ పేరులోనే ఇమిడియున్నవి. ఆ ప్రాంతీయులు బొగ్గుగనిని ‘బాయి’ యందురు. గనిపనికి పోవుటను బాయికి పోవుట యందురు. నూతిలోనికి దిగినట్లు భూగర్భమునకు దిగి, ముప్పది ఏండ్లు బొగ్గు తీసి, పదవీవిరమణ పొందిన పెద్దలు అచట ప్రతి వీధిలోను కనబడుదురు. వారి సంతానము చదువుకొని దూరదేశములకు పోయినది. ఒకరి కుమారుడు దుబాయిలోనుండును, మరియొకరి కుమార్తె అమెరికాలోనుండును. మనుమరాలి నామకరణమునకు రమ్మని పిలుపు వచ్చును; టిక్కెట్టు వచ్చును; వీసాయు చేతికందును. కాని ప్రయాణదినము సమీపించిన కొలది ఆ పెద్దమనిషికి నిద్ర కరవగును, అన్నము సయింపదు. తుదకు మోకాళ్ళ నొప్పియనియో రక్తపోటనియో సాకు చెప్పి ఇంటనే నిలిచిపోవును. అసలు కారణము విమానభయము. దానిని నోరువిప్పి చెప్పుకొనుటకు సిగ్గు అడ్డుపడును.

తెలిసినపుడు ఇంటివారు నవ్వుదురు. పాతాళమునకు దిగివచ్చినవాడు ఆకాశమునకు వెరచుటయా యని ఎత్తిపొడుతురు. ఈ నవ్వు న్యాయమైనది కాదు. గనికి వెరవనివాడు గగనమునకు వెరచుటలో ఒక సూక్ష్మ కారణమున్నది. దానిని తెలిసికొనినచో భయమును మోయు మార్గమును కొంత తెలియగలదు. అందులకు మన ఆచార్యులు చెప్పిన రెండు పిల్లల ఉపమానము, ఆదికవి వర్ణించిన రెండు గగనయానములు మిక్కిలి తోడ్పడును. ముందు గని సంగతి చూతము.

1871లో భూగర్భ సర్వేశాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. నేడిది తెలంగాణ రాష్ట్రమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా గల సంస్థ. ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనులే అధిక భాగము బొగ్గునిచ్చుచున్నను, ఈ బెల్టునందలి వృద్ధుల జ్ఞాపకములన్నియు భూగర్భ గనులవే.

భూగర్భమునకు దిగు మొదటి దినమున గుండె దడదడలాడని కార్మికుడు అరుదు. వెనుక వెలుతురు నాణెమంత చిన్నదై, పిదప మాసిపోవును. టోపీకున్న దీపపు వెలుగు తప్ప మరి వెలుగుండదు. తలపైన ఎన్నో తాటిచెట్ల ఎత్తున నేల యున్నదని తలపునకు వచ్చినచో ఊపిరి సలుపదు. ఆ భయమును సింగరేణి కార్మికుడు ఎట్లు దాటెను? ధైర్యవంతుడై పుట్టుటవలన కాదు. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమముల ననుసరించి, కొత్తవానికి మొదట శిక్షణ ఇత్తురు. అనుభవజ్ఞుని వెంట లోనికి పంపుదురు. షిఫ్టు మొదలగుటకు ముందే సర్దారు పనిస్థలమునకు పోయి, విషవాయువు లేదా మండెడి వాయువు చేరినదా యని పరీక్షించును. పైకప్పు నిలకడగా నున్నదా యని చూచును. కర్రతో గాని ఇనుపకడ్డీతో గాని కప్పును తట్టిచూచుట గనిలో ఒక విద్య. గట్టిగానున్న రాయి ఖంగుమనును; లోపల విడివడిన రాయి డొల్లగా మ్రోగును. డొల్లధ్వని వినబడినచోట బోల్టులు బిగింతురు, టింబరు నిలుపుదురు. కొన్నాళ్ళకు కొత్తవాడును ఆ ధ్వనిని గుర్తుపట్టుటకు నేర్చుకొనును. వాని చెవి, వాని చేయి, ప్రక్కనున్న తోటివాని పిలుపు, ఇవియే వానికి ధైర్యము. దిగునపుడు గని యొద్దనున్న దేవతకు చేతులు జోడించుటయు ఆ దినచర్యలోనిదే.

ఇట్లనుటచే గని నిరపాయమని భావింపరాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ముంచుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ దినమున గని వాకిట నిలిచిన కుటుంబముల దుఃఖమును ఆ పట్టణము మరువలేదు. పిదపను ఆ ప్రాంతపు కార్మికులు గనులకు దిగుచునే యుండిరి. అపాయము లేదని నమ్మి వారు దిగలేదు. అపాయమునకు ఎదురుగా చేయదగినది తమ చేతిలో కొంత యున్నదని తెలిసి దిగిరి. ఈ ‘చేతిలోనున్నది’ యను మాట ఇచట ముఖ్యము.

ఇక ఆచార్యుల ఉపమానము. శ్రీరామానుజుల తరువాతి కాలమున శ్రీవైష్ణవులలో శరణాగతిని గూర్చి లోతైన చర్చ జరిగెను. శ్రీవేదాంతదేశికుల సంప్రదాయమున వడగలైవారు, పిళ్ళై లోకాచార్యుల, మణవాళ మహామునుల సంప్రదాయమున తెంగలైవారు నిలిచిరి. ఆ రెండు మార్గములకును లోకమున రెండు దృష్టాంతములు ప్రసిద్ధికెక్కినవి. కోతిపిల్ల తల్లి పొట్టను తన చేతులతో గట్టిగా పట్టుకొనును. తల్లి కొమ్మనుండి కొమ్మకు దుముకును. తల్లిదే బలము, అయినను పిల్ల పట్టు విడువరాదు. ఇది మర్కటకిశోర న్యాయము. పిల్లిపిల్ల అట్లుకాదు. తల్లి దానిని నోట కరచుకొని పోవును. పిల్ల దేనిని పట్టుకొనదు, కాళ్ళు ముడుచుకొని కదలక యుండును. ఇది మార్జాలకిశోర న్యాయము. రెండిటిలో ఏది మేలను సిద్ధాంత విచారము పెద్దలది. ఆ విచారములోనికి పోక, ఆ రెండు పిల్లల అనుభవమును మాత్రము ఇచట గ్రహింతము.

గనిలో కార్మికుడు కోతిపిల్ల. భూమి వానిని మోయుచున్నను వాని చేతికి పనియున్నది. కప్పును తట్టును, దీపమును సవరించుకొనును, తోటివానిని హెచ్చరించును. అతడే విమానమెక్కగానే పిల్లిపిల్ల యగును. సీటులో కూర్చుండి బెల్టు బిగించుకొనిన పిదప వాడు చేయవలసినది ఏమియు లేదు. నడుపువాడు కనబడడు. యంత్రము కనబడదు. చప్పుడగును, అదేమి చప్పుడో తెలియదు. తట్టిచూచుటకు కప్పు లేదు. ముప్పది ఏండ్లు తన చెవిని, తన చేతిని నమ్మి బ్రతికినవానికి ఇంతకంటె కష్టమైన స్థితి మరియొకటి లేదు. బస్సులో నిశ్చింతగా నిద్రించు గుమాస్తాకు విమానమునందును నిద్ర పట్టవచ్చును. కప్పును తట్టనిదే అడుగు వేయని గని కార్మికునకు పట్టదు. వాని వెరపు పిరికితనము కాదు. వృత్తి నేర్పిన జాగరూకతయే పనిలేక తనపైననే తిరుగబడుచున్నది.

అయినచో మొదట వానికీయవలసినది ఆ చప్పుళ్ళ అర్థము. వైద్యులు ఏరోఫోబియా యని పిలుచు ఈ భయమును తగ్గించు శిక్షణలలోను విమానము ఎట్లు నడచునో చెప్పుటయే తరచుగా తొలిమెట్టు. విమానము నేల విడిచిన కొద్ది క్షణములకు క్రిందనుండి ధణధణమను శబ్దము వచ్చును. అది చక్రములు లోనికి ముడుచుకొని మూతపడు ధ్వని. మరికొంతసేపటికి ఇంజను హోరు ఉన్నట్లుండి తగ్గును; కడుపులో ఏదో జారినట్లగును. ఇంజను ఆగినదని పలువురు ఈ క్షణముననే హడలిపోవుదురు. ఎక్కుటకు కావలసిన మిక్కుటమైన బలము ఇక అవసరము లేనందున దానిని తగ్గింతురు, అంతియే. రెక్కల వెనుక అంచున పలకలు కదలునపుడు మరసోలుచున్నట్లు కీచుమను శబ్దమగును. దిగునపుడు ఆ పలకలు మరల చాచుకొనును, చక్రములు మరల ధణేలున దిగును. చెవులు దిబ్బడ వేయుట గాలి పీడనము మారుటవలన. గుటకలు మ్రింగినచో, ఆవులించినచో వీడును. చంటిపిల్లలకు ఆ సమయమున పాలిచ్చుట మంచిది.

కుదుపు వేరు సంగతి. ఎక్కువమంది వెరపు దీనికే. ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచుట, కొండలమీదుగా గాలి ఒరసిపోవుట, మేఘములలోని తరంగములు, వీనివలన విమానము గతుకుల బాటపై బండివలె ఊగును. కిటికీనుండి చూచినచో రెక్క కొన పైకి క్రిందికి ఆడుచుండును; విరుగునేమోయని చూపరులు బెదరుదురు. వెదురు వంగునట్లు వంగుటకే దానిని నిర్మించిరి. సేవలో ఎదురగునని లెక్కించిన గరిష్ఠ భారమునకు ఒకటిన్నర రెట్లు తాళవలెనని నియమమున్నది. గనిలో టింబరు నిలుపువాడు ఈ లెక్కను తేలికగా గ్రహింపగలడు. కుదుపులో గాయపడువారు చాలవరకు బెల్టు పెట్టుకొననివారే. గనిలో టోపీ యెట్లో, విమానమున బెల్టు అట్లు. సూచన దీపము ఆరినను దానిని వదులుగానైనను ఉంచుకొనుట మేలు.

మరి సర్దారు ఎక్కడ? ఉన్నాడు, కాని ప్రయాణికునకు కనబడడు. విమానము కదలుటకు ముందు పైలట్ దానిచుట్టు తిరిగి పరిశీలించును. బాధ్యతగల ఇంజనీరు పరీక్షించి సంతకము చేసిననే అది ఎగురుటకు అర్హము. లోపల ఇద్దరు పైలట్లుందురు. ఒకరు చదువగా మరియొకరు సరిచూచు పట్టికలుండును. ఒక ఇంజను చెడినను రెండవదానితో ఎగిరి దిగునట్లు రెండు ఇంజనుల విమానములను నిర్మింతురు, ఆ సందర్భమును పైలట్లు పదేపదే అభ్యసింతురు. నేలనుండి కనిపెట్టువారు దారి పొడవునను మాటాడుచుందురు. కప్పును తట్టిచూచు పని నిలిచిపోలేదు. అది ఇతరుల చేతులలోనికి పోయినది. పిల్లిపిల్ల నిశ్చలముగా నుండుటయు గ్రుడ్డినమ్మకము కాదు. అదే నోరు ఎలుకకు మృత్యువు. తన పిల్లను కరచునపుడు ఆ పట్టు ఎంత మెత్తనో పిల్లకు తెలియును.

అంకెలవలన భయము పోదు. అయినను అంకెలు తెలిసియుండుట మంచిది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు ఆర్నాల్డ్ బార్నెట్ 2024లో వెలువరించిన గణన ననుసరించి, 2018 నుండి 2022 వరకు ప్రపంచమున వాణిజ్య విమానములు ఎక్కిన వారిలో సుమారు 1 కోటి 37 లక్షల ఎక్కుడులకు ఒక మరణము. గోదావరిఖనినుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవు పెద్దమనిషి, కారులో రాజీవ్ రహదారిపై రెండువందల కిలోమీటర్లకు పైగా లారీల మధ్య నిశ్చింతగా కునుకు తీయును. ఆ ప్రయాణమున వెరవవలసిన భాగము అదియే! భయము దారి తప్పించిన ఉదాహరణ మొకటి అమెరికాలో కలదు. 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరము పిదప పలువురు విమానములు మాని కారులలో తిరిగిరి. తరువాతి ఏడాదిలో ఆ కారణముగా రహదారులపై అదనముగా సుమారు 1,500 మంది మరణించిరని జర్మనీ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు గెర్డ్ గిగెరెంజర్ అంచనా వేసెను.

ఇంత చెప్పినను, 2025 జూన్ 12న అహమ్మదాబాదున నేల విడిచిన వెంటనే కూలిన విమానమున 242 మందిలో 241 మంది మరణించిన వార్త చదివినవారి మనస్సును ఈ లెక్కలు ఊరడింపజాలవు. 7 ఎల్.ఇ.పి. గని వాకిట నిలిచినవారిని ఏ లెక్కయు ఊరడింపనట్లే. లెక్క బుద్ధికి చెందినది. భయము బుద్ధికి క్రింద, కడుపులోను ఊపిరిలోను ఉండును. అచటికి చేరు మాట మరియొకటి కావలెను. దానికై శ్రీమద్రామాయణమును చూడవలెను.

జానకీదేవి రెండుమారులు ఆకాశమార్గమున పోయెను. మొదటిది పంచవటినుండి. రావణుడు అపహరించి రథముపై కొనిపోవుచుండగా జటాయువు అడ్డగించి రథమును విరుగగొట్టెను. పక్షిరాజు రెక్కలు తెగి నేలగూలిన పిదప, రావణుడు దేవిని చేతులతో పట్టి గగనమున లంకకు కొనిపోయెను. పంచవటి నాసిక యొద్దనని లోకప్రసిద్ధి. భద్రాచల సమీపమున పర్ణశాలయే ఆ తావని తెలుగువారి విశ్వాసము. ఎచటనైనను అది గోదావరీ తీరమే. నాసికనుండి బయలుదేరిన ఆ నదియే గోదావరిఖని ప్రక్కగా ప్రవహించి భద్రాచలమును చేరును.

ఆ ఘోరయానమున దేవికి తోడులేదు, ఆధారము లేదు, పోవు తావు తెలియదు. ఆమె విలపించెను. ఆదికవి ఆ విలాపమును దాచలేదు. కాని అంత భయమునను ఆమె కన్నులు క్రిందికి చూచుచునే యుండెను. ఒక కొండ కొమ్మున ఐదుగురు వానరులు కనబడిరి. వెంటనే ఉత్తరీయమున ఆభరణములు మూటగట్టి వారి మధ్యకు జారవిడిచెను. రావణుడు గమనింపలేదు. తరువాత సుగ్రీవుడు శ్రీరామునికి చూపినది ఆ మూటనే. భయమును జయించిన పిదప ఆమె ఆ పని చేయలేదు, భయపడుచునే చేసెను. చేతికి అందిన చిన్న పనిని చేతులు చేసినవి. కథ మలుపు తిరుగుటకు ఆ మూట తోడ్పడెను.

రెండవ యానము రావణవధానంతరము, పుష్పక విమానమున. అదియును అదే ఆకాశము. క్రిందనున్నదియు అదే భూమి. ఆ మార్గమున వెనుకటి యానపు ప్రతి గుర్తును దేవి మనస్సున లేచియుండవలెను. అచట శ్రీరాముడేమి చేసెను? వెరవవలదని ఉపదేశింపలేదు. ప్రక్కన కూర్చుండి, క్రిందనున్న తావులను ఒక్కొక్కటిగా చూపి చెప్పుచువచ్చెను. ఇదిగో యుద్ధభూమి, ఇదిగో నీకై కట్టిన సేతువు, ఇదిగో కిష్కింధ యని. కిష్కింధ కడ దేవి, తారను తక్కిన వానరస్త్రీలను వెంట కొనిపోవుదమని కోరెను. విమానము ఆగెను, వారును ఎక్కిరి. ఒంటరి యానము బంధుజనయానమైనది. పిదప ఋశ్యమూకము, పంప, జటాయువు పడిన చోటు కనబడెను. ఆ వెనుక తమ పర్ణశాలను, ఆమెను రావణుడు అపహరించిన తావునే, శ్రీరాముడు వ్రేలితో చూపెను. ప్రక్కన గోదావరిని చూపెను. భయము పుట్టిన చోటిని దాటవేయలేదు. ప్రక్కన తానుండి చూపెను.

భయరోగములకు నేటి మనోవైద్యులు చేయు చికిత్సలో ప్రధానమైనదియు ఇట్టిదే. భయపెట్టు వస్తువునకు మనిషిని మెల్లమెల్లగా, తోడునీడగా నుండి, దగ్గర చేయుదురు. మొదట దానిని గూర్చి మాటాడుట, పిదప బొమ్మలు చూచుట, విమానాశ్రయమునకు పోయి ఎక్కు దిగు విమానములను చూచుట, ఆ తరువాత చిన్న ప్రయాణము. తిరుపతి యాత్ర తలపెట్టినవారికి ఇందులకు మంచి అవకాశము కలదు. శంషాబాదునుండి రేణిగుంటకు విమానయానము ఇంచుమించు గంటసేపు. అమెరికాకు ఇరువది గంటల ప్రయాణమే మొదటి ప్రయాణము కాకుండ, స్వామి దర్శనమునకు పోవు ఆ గంటసేపు మొదటిదైనచో శరీరమునకు దారి తెలియును.

ఇక విమానమున కూర్చుండిన పిదప. భయము ఉప్పెనవలె వచ్చినపుడు గుండె కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, ప్రాణము పోవునట్లుండును. ఆ ఉధృతి సాధారణముగా కొలది నిమిషములలో శిఖరమునంది తగ్గును. దానితో పెనుగులాడినచో పెరుగును. సీటు చేతులను బిగబట్టుటవలన విమానము నిలువదు, భుజములు మాత్రము నొచ్చును. ఇచట పిల్లిపిల్లను అనుకరించి ఒడలిని వదులుగా విడుచుట మేలు. ఊపిరిని లోనికి తీసికొనినదానికంటె వెలుపలికి విడుచుట దీర్ఘముగా నుండవలెను. నామస్మరణ అలవాటున్నవారు విడుచు ఊపిరిపై నామమును నిలుపవచ్చును. తులసిమాల చేత నున్నచో మరియు మంచిది. అది ఏ అపాయమును ఆపు తాయెత్తని కాదు. కోతిపిల్ల చేతులకు పట్టు దొరకినట్లు, పనిలేక వణకుచున్న వ్రేళ్ళకు ఒక్కొక్క పూసగా పని దొరకును. మాల లేనివారు క్రింది ఊళ్ళ పేర్లు అడిగి తెలిసికొనుచు పోవచ్చును. రెక్కల వద్ద సీటు అడిగినచో కుదుపు కొంత తక్కువ. ప్రయాణమునకు ముందు కాఫీ టీలు తగ్గించుట, కడుపు మాడ్చుకొనకుండుట అవసరము. మద్యము భయమును తగ్గించునను మాట భ్రమ. మాత్రలు వైద్యుని అడిగియే వాడవలెను. రక్తపోటు మందులు వాడు వృద్ధులు ఇది మరువరాదు.

శరణాగతికి పెద్దలు చెప్పిన అంగములలో కార్పణ్యమొకటి. తన నిస్సహాయతను దాచక నివేదించుకొనుట దాని భావము. మనుష్యుల నడుమను ఇది పనికివచ్చు గుణము. ‘ఇది నా మొదటి ప్రయాణము, నాకు భయముగా నున్నది’ అని విమాన సిబ్బందితో చెప్పుకొనినవానికి వారు కుదుపు వచ్చినపుడు ఒకమారు వచ్చి పలుకరింతురు; అది వారి పనిలో భాగమే. ఇంటివారితో ముందే చెప్పుకొనినచో మోకాళ్ళ నొప్పి సాకు అవసరముండదు. ఇందులో ఇంటివారి బాధ్యతయే ఎక్కువ. నవ్వెడి ఇంట ఎవరు నోరు విప్పుదురు?

ప్రతి భయమును అణచివేయవలసినదే యనుటయు పొరపాటు. దివ్యదేశములలో సాలగ్రామముగా ప్రసిద్ధమైన ముక్తినాథము నేపాళమున హిమాలయములలో నున్నది. పోఖరానుండి జోంసోమునకు చిన్న విమానములు అన్నపూర్ణ, ధవళగిరి శిఖరముల నడిమి లోయలో పోవును. కాళీగండకీ లోయలో ప్రొద్దెక్కిన కొలది గాలి ఉధృతమగును. అందుచేత విమానములు ఉదయముననే నడచును, వాతావరణము చూచి తరచు నిలిపివేయుదురు. 2022 మే 29న ఈ మార్గముననే ఒక చిన్న విమానము కొండకు తగిలి 22 మంది మరణించిరి. పెద్ద విమానముల అంకెలు ఇట్టి లోయలకు వర్తింపవు. ఇచట భయపడు యాత్రికుడు పోఖరానుండి రోడ్డుమార్గమున పోవచ్చును. ఆ ప్రయాణమును కఠినమే, గాని అవమానము కాదు. విమానము నిలిపివేసిరని విసుగుకొను యాత్రికుడు మాత్రము, కప్పు డొల్లగా మ్రోగినదని సర్దారు పని ఆపించగా కోపపడు కార్మికుని వంటివాడు.

మిగిలినది ఇంట నిలిచినవారి సంగతి. ఎగిరినవాని భయమును గూర్చి అందరు మాటాడుదురు. వాకిట కనిపెట్టుకొని యున్నవాని భయమును ఎవరును తలపరు. గని కుటుంబములకు ఇది కొత్త కాదు. షిఫ్టు విడిచిన వేళకు మనిషి ఇల్లు చేరనిచో పొయ్యిమీద అన్నము దించుటకును చేతులాడవు. కుమారుడు విమానమెక్కినది మొదలు దిగినట్లు కబురు వచ్చువరకు ఆ తల్లులు గడియారమువైపే చూచుచుందురు. పుష్పకయానమున శ్రీరాముడు దీనిని మరువలేదు. భరద్వాజాశ్రమమున దిగగానే, తాను అయోధ్య చేరకముందే, హనుమంతుని ముందుగా పంపెను. త్రోవలో గుహునకు క్షేమవార్త చెప్పుమనెను. అటనుండి భరతుని కడకు పొమ్మనెను. పదునాలుగేండ్ల గడువు ముగియుచున్నది. గడువు దాటినచో అగ్నిప్రవేశము చేయుదునని పలికిన తమ్ముడు నందిగ్రామమున జటావల్కలములతో ఎదురుచూచుచుండెను. హనుమంతుడు అయోధ్యకు క్రోశదూరమున అతనిని కనుగొని, అన్న క్షేమముగా వచ్చుచున్నాడని చెప్పెను. భరతుడు సంతోషముచే మూర్ఛిల్లి, తెలివి వచ్చి, హనుమంతుని కౌగిలించుకొనెను. ఆ ఒక్క మాట తెచ్చినందులకు లక్ష గోవులను, నూరు గ్రామములను ఈయబూనెను.